అవ్వను చేపగా రాసుకున్న కేసు

ప్రతి ఆదివారం చర్చి గంట కొట్టకముందే కెలేరా కొబ్బరిపాలల్లో ఉడికించిన కర్రపెండలం ఆకులో చుట్టుకుని, పడవ వేసుకుని పగడపు దిబ్బ దగ్గరికి వెళ్లేది. ఉనైసి అవ్వ నీళ్లలోంచి తల పైకెత్తి, ఇంత ఆలస్యమా అన్నట్టు చూసేది. తాతను పాతిపెట్టిన రోజు కాళ్లు చల్లబరుచుకుంటానని నీళ్లలో దిగిన మనిషి మళ్లీ బయటికి రాలేదు. అది తొమ్మిదేళ్ల కిందటి మాట. ఊళ్లో ఎవరికీ అదొక విషయం కాదు. పాస్టరు గారు ఆవిడకి వినపడాలని కీర్తన కాస్త గట్టిగా ఎత్తుకునేవారు. పింఛను గుమాస్తా నెలకోసారి రేవులో వంగి ఆవిడ చేత వేలిముద్ర వేయించుకుని, కాగితం తడిసిపోయిందని గొణుక్కునేవాడు.

ఆ ఆదివారం మాత్రం అవ్వ పెండలం ముట్టలేదు.

“చేతులు పట్టు తప్పుతున్నాయే. ఇక దిబ్బని పట్టుకుని ఉండలేను. నన్ను మీ తాత పక్కకి చేర్చు.”

తల్లి పోయాక కెలేరాని పెంచింది ఆ చేతులే. ఇంకేం అడగకుండా అవ్వ చంకల కింద చేతులేసి పడవలోకి ఎత్తుకుంది.

ఊరిపెద్ద పోయి నలభై రోజులే అయింది. ఆయన సంతాపంగా వంద రాత్రులు గడిచేదాకా ఆ దిబ్బ మూసి ఉంటుంది, అందులోంచి ఆల్చిప్ప కూడా తియ్యకూడదు. కాపలా ఉన్నవాడు ఇనోకే. అతని వంశానికీ కెలేరా వంశానికీ బావామరదళ్ల వరస. మా దీవిలో ఆ వరసవాళ్లు ఎదురుపడి, ఆటపట్టించుకోకుండా పోతే పెద్ద అవమానం.

“ఏం మరదలా, మూసిన దిబ్బలోనే చెయ్యి పెట్టావా? ఏం పట్టావు?”

“చేప, బావా. ముసలిది. నీ పుచ్చుపళ్లకి లొంగదులే.”

అవ్వ కూడా నవ్వింది. పడవవాళ్లు ఏం చెబితే అది చెప్పినట్టు రాయమని చేపల ఆఫీసువాళ్లు ఇనోకేకి కొత్తగా ఓ పుస్తకం ఇచ్చారు. అతను నవ్వుతూనే ‘చేప, ముసలిది, ఒకటి’ అని రాశాడు. కెలేరా నవ్వుతూనే సంతకం పెట్టింది.

రేవులో చేపల ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఆయన మా వరసలు తెలియని మనిషి. నీళ్లలో బతికే ఏ ప్రాణి అయినా చేపేనని చట్టం చదివి వినిపించి, అవ్వని ఆఫీసు తొట్టిలో వేయించాడు. విచారణ శుక్రవారం. అప్పటికి చేప బతికుంటే తిరిగి దిబ్బలోకి, చస్తే ముందు ఐసుపెట్టెలోకి, తీర్పయ్యాక చెత్తగుంటలోకి. ఇనోకే వచ్చి కాళ్లావేళ్లా పడ్డా, పుస్తకంలో రాసింది కొట్టెయ్యడం కుదరదన్నాడు ఆఫీసరు. అవ్వ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఏ దారినా తాత పక్కకి చేరదు.

కెలేరా ఏడుస్తూ కూర్చునే రకం కాదు. సోమవారం పొద్దున్నే జుట్టు ముడేసుకుని ఆఫీసుల వెంట పడింది. చేప అంటే ఏమిటో చెప్పండి, రాసివ్వండి అని ప్రతి బల్ల ముందూ నిలబడింది. చచ్చి, బల్ల మీద పరిచినదే చేపని సంతలో రాసిచ్చారు. లాంచీ ఆఫీసులో ఎండు ఆక్టోపస్ చేపేనట, బతికున్న పీత మాత్రం సామానట. ఆసుపత్రివాళ్ల లెక్కలో ముల్లు ఉంటేనే చేప. చేపల చట్టం అన్నిటికన్నా ధారాళం. అందులో తాబేలే కాదు, తాబేలు గుడ్డు కూడా చేపే. నవ్వొచ్చే మాటలే గానీ, అవి వింటుంటే కెలేరాకి ఒళ్లు మండిపోయింది. చివరికి భూముల ఆఫీసులో, ఏ నేల ఎవరిదో రాసి ఉండే మా వంశాల పుస్తకం తీయించింది. అందులో చేప అన్న మాటే లేదు, అన్నీ పేర్లే. ఉనైసి పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ పేజీకి నకలు తీయించి రవికలో దోపుకుంది.

శుక్రవారం తొట్టిని తోపుడుబండి మీద కోర్టులోకి తెచ్చారు. మేజిస్ట్రేటు నెరిసిన జుట్టు ఆవిడ, నిదానస్తురాలు. కెలేరా తెచ్చిన నకలుతో సహా కాగితాలన్నీ రెండేసిసార్లు చదివింది.

“చేప అని నువ్వే సంతకం పెట్టావు కదమ్మా.”

“మా బావతో వేళాకోళమండీ.”

“వేళాకోళానికి చట్టంలో అర్థం రాయలేదు.” ఆవిడ కళ్లజోడు తీసింది. “నేను చెయ్యగలిగినవి రెండే. ఈవిడ చేపే అనుకుంటే మళ్లీ దిబ్బలో వదిలిపెట్టు. మొదటి తప్పు కాబట్టి మందలించి పంపిస్తాను, చేపలు పట్టే లైసెన్సు నీ దగ్గరే ఉంటుంది. మనిషే అంటావా, అధికారికి అబద్ధం రాసిచ్చినట్టు. ఏడాదిపాటు నువ్వు సముద్రంలో చెయ్యి పెట్టకూడదు. నీకు వేరే ఆధారం ఉందా?”

“లేదండీ.”

“ఆలోచించుకో.”

“ఆలోచించుకునే వచ్చాను. అబద్ధం చెప్పాననే రాయండి.”

ఆఫీసరు లేచి, కెలేరా ఏమన్నా చట్టం ప్రకారం నీళ్లలో బతికేది చేపేనన్నాడు. మేజిస్ట్రేటు పీఠం దిగి తొట్టి దగ్గరికి వచ్చింది. మీరెవరని అవ్వనే అడిగింది.

“ఉనైసిని. చలేస్తోందమ్మా,” అంది అవ్వ.

మేజిస్ట్రేటు తన నల్లకోటు విప్పి అవ్వ భుజాల చుట్టూ కప్పింది. ఈవిడ మనిషేనని, ఇంటికి తీసుకెళ్లమని అక్కడికక్కడే రాసిచ్చింది. కెలేరా లైసెన్సు బల్ల మీద పెట్టి, అవ్వని ఎత్తుకుని బయటికి నడిచింది.

శనివారం మధ్యాహ్నం, తన ఇంట్లో, పొడి చాప మీద, కెలేరా ఒళ్లో తల పెట్టుకుని అవ్వ పోయింది. ఊరంతా చాపలు తెచ్చింది. వాటిలో చుట్టి తాత పక్కనే పాతిపెట్టారు.

సోమవారం కెలేరా ఇంట్లో వండడానికి ఏమీ లేదు. పొద్దున్న పోటు వచ్చే వేళకి నీళ్లు ఒడ్డు దగ్గర ఆగలేదు. చర్చి పక్కనుంచి, సమాధుల పక్కనుంచి, ఎవరి గుమ్మమూ తొక్కకుండా సరాసరి కెలేరా గడప దాకా వచ్చి, చీలమండ లోతున నిలిచాయి. నీళ్ల నిండా చేపలు. ఇరుగుపొరుగు కోళ్లని పక్కకి తోలుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

చేపల ఆఫీసరు టేపు పట్టుకొచ్చి కొలిచాడు. ఆయన చట్టంలో సముద్రం సర్వేరాళ్ల అవతల మొదలవుతుంది. ఇవతలిది వంశం పుస్తకంలో ఉన్న నేల. సొంత వాకిట్లో దొరికినదాన్ని తీసుకోవడానికి లైసెన్సెందుకు? రెండుసార్లు కొలిచి, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా, రోజుకి రెండుసార్లు, నీళ్లు అలాగే వచ్చాయి.

ఆ మొదటి రోజు మాత్రం కెలేరా గడప మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, వారం రోజులుగా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని బుట్ట అందుకుంది.