అయిదు నిమిషాల లైటు

నేను గడియారాలు బాగుచేస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. కొట్టు ఎత్తేసి ఇంట్లో వెనక గదిలో బల్ల వేసుకున్నాక కూడా చేతినిండా పని ఉంది. కానీ నలభై రోజులుగా ఆ గదిలో లైటు నన్ను కాల్చుకు తింటోంది. గదికి కిటికీ లేదు, పట్టపగలైనా లైటు కావాలి. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకుని ఊపిరి బిగబట్టే సమయానికి సరిగ్గా ఆరిపోతుంది. చెయ్యి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా స్ప్రింగు ఎటో ఎగిరిపోతుంది. మొన్న ఒకదాని కోసం మోకాళ్ళ మీద గంటసేపు పాకాను.

ఈ లైట్లు మా అల్లుడి మోజు. "స్విచ్చు నొక్కక్కర్లేదు మామయ్యా, మనిషి కదిలితే గోడమీది సెన్సరు చూసి అదే వెలిగిస్తుంది" అంటూ మూడేళ్ళ క్రితం పెట్టించాడు. మూడేళ్ళూ వంక పెట్టడానికి లేకుండా పనిచేసింది. మా ఆవిడ అలిగి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిన రోజునుంచే మొరాయించింది. సమయం చూసి ఇది కూడా నామీద కక్ష కట్టిందనుకున్నాను.

సెన్సరుకు కొత్త బ్యాటరీ వేశాను. దాని అద్దాన్ని గడియారాల బ్రష్షుతో తుడిచాను. ఫోనులో సెన్సిటివిటీ అన్నచోట చుక్కను చివరిదాకా జరిపాను. ఏం చేసినా ఒకటే. పట్టుదల వదులుకుని, లైట్లు బిగించిన మెకానిక్కునే పిలిచాను.

అతను పదకొండింటికి వచ్చాడు. స్టూలెక్కి సెన్సరును చూశాడు. నా కుర్చీలో కూర్చుని, గడియారం చేతిలో పట్టుకుని నాలాగే వంగి చూశాడు. తర్వాత నా ఫోను తీసుకున్నాడు.

"సెట్టింగులో తప్పేం లేదండీ. కదలిక ఆగిన అయిదు నిమిషాలకి ఆర్పెయ్యమని ఉంది. మొదట్నుంచీ అంతే."

"మరి మూడేళ్ళూ ఎందుకు ఆరలేదయ్యా?"

"అదే నాకూ అర్థం కాలేదు. మీకు వేళ్ళు తప్ప ఇంకేం కదలవు. దీనికేమో మీ వీపే కనపడుతుంది." సెన్సరు చూసిన కదలికల రికార్డు తెరిచి వేలితో కిందికి జరుపుతూ పోయాడు. "ఇదిగో, చూడండి. నలభై రోజుల కిందటి దాకా ప్రతి నాలుగు నిమిషాలకీ గుమ్మం దగ్గర ఎవరో వచ్చి వెళ్ళారు. ఆ తర్వాత లేరు."

ఎవరో నాకు తెలుసు. వచ్చేది, మంచినీళ్ళ గ్లాసు ఇటునుంచి అటు జరిపేది, గుమ్మం తెర సర్దేది, వెళ్ళిపోయేది. "ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు?" అని తలెత్తకుండానే విసుక్కునేవాణ్ణి.

"అమ్మగారికి ఈ సంగతి తెలుసు కదండీ," అన్నాడు మెకానిక్కు. "బిగించిన వారానికే ఫోన్ చేశారు. అరగంటకి మారుస్తా, రెండు నిమిషాల పని అన్నాను. వద్దు, అలాగే ఉండనీ అన్నారు."

"ఎందుకట?"

"చెప్పలేదు. ఇప్పుడు మార్చెయ్యమంటారా?"

"ఉండు," అన్నాను.

నలభై రోజులుగా తనే ఫోన్ చేస్తుందిలే అని బిగుసుకు కూర్చున్నవాణ్ణి. వెళ్ళేరోజు ఆమె ఇదే గుమ్మంలో నిలబడి, "నేనున్నా లేకపోయినా ఈ ఇంట్లో ఏమీ మారదు" అంది. నేను భూతద్దం తియ్యకుండానే, "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మెకానిక్కు చేతిలోంచి ఫోను తీసుకుని ఆమెకు చేశాను, ఎత్తింది. నాకు వేరే మాట దొరకలేదు.

"లైటు ఆరిపోతోంది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వెళ్ళిన దగ్గర్నుంచి. అరగంటకి మారుస్తానంటే ఎందుకు వద్దన్నావు?"

"మార్పిస్తే ఆ గదిలోకి రావడానికి ఇంక నాకు పనేముంది?" అంది. "ఎప్పుడో ఒకసారి తలెత్తి చూస్తారనుకున్నాను. మూడేళ్ళు చూశాను."

"ఇప్పుడు తెలిసింది కదా. వచ్చెయ్."

"తెలిసింది లైటు సంగతే కదండీ." ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "అతను అక్కడే ఉంటే అరగంటకి పెట్టించుకోండి. పని పాడుచేసుకోకండి."

ఫోన్ పెట్టేసింది. మెకానిక్కు గోడవైపు తిరిగి స్టూలు తుడుస్తున్నాడు.

"పెట్టెయ్యి బాబూ," అన్నాను. నిజంగానే రెండు నిమిషాల పని.

అది జరిగి వారమైంది. లైటు ఆరడం లేదు. స్ప్రింగులు ఎగిరిపోవడం లేదు. ఈ పొద్దున ఏమీ తోచక ఫోనులో ఆ రికార్డు తెరిచాను. మళ్ళీ ప్రతి నాలుగు నిమిషాలకీ కదలిక ఉంది. ఆమె వచ్చి వెళ్ళిందేమో, నేను చూసుకోలేదేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

అది నేనే. మాటిమాటికీ భూతద్దం తీసి, కుర్చీ తిప్పుకుని, గుమ్మం వైపు చూస్తున్నాను. అయిదు నిమిషాలకే వదిలేసినా ఇప్పుడు ఆ లైటు ఆరేది కాదు.