వెళ్ళడానికి తగిన వాతావరణం

"మబ్బు పట్టింది. బట్టలు!" అని ఫోన్ పెట్టేశాడు భర్త.

పెళ్ళయిన కొత్తలో ఫోన్ చేస్తే 'ఏం చేస్తున్నావ్', 'తిన్నావా' అని అడిగేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాటలన్నీ అరిగిపోయి, చివరికి ఈ రెండు ముక్కలు మిగిలాయి. ఆయన పనిచేసే ఓడరేవు ఆఫీసు కిటికీ సముద్రం వైపు ఉంటుంది కాబట్టి ఊళ్ళోకి వచ్చే మబ్బు ఏదైనా ముందు ఆయనకే కనిపిస్తుంది. ఆయన చేయాల్సిందల్లా కిటికీలోంచి చూడటం, ఫోన్ తీయటం. ఆమె చేయాల్సిందల్లా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ముక్కు మీద సగం బిగించిన కళ్ళజోడు అలాగే వదిలేసి, కళ్ళద్దాల షాపు యజమానిని బతిమాలుకుని, రెండు వీధులు దాటి, మేడ మీదికెక్కి, తాడు మీది బట్టలన్నీ గుండెలకి హత్తుకుని దిగి, మళ్ళీ పరుగున వచ్చి ఆ ముక్కు దగ్గర ఆగిన పని అందుకోవడం. తీరా వచ్చేసరికి ఎండ ఫెళ్ళున కాస్తూ ఉంటుంది. వసంతకాలం కదా, ఆ సముద్రపు ఒడ్డున ఆకాశానికి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు.

"మీ ఆయనకి మీరంటే ఎంత ప్రేమండీ! మబ్బు కనిపిస్తే చాలు, ఫోన్ చేస్తాడు" అన్నాడు యజమాని, ఆమె రొప్పుతూ లోపలికి అడుగుపెట్టగానే. "వచ్చారుగా, ఆ చేత్తోనే కాస్త టీ పెట్టేయండి." షాపులో ఇంకో ఇద్దరు మగవాళ్ళున్నారు. వాళ్ళ చేతులకి టీ పెట్టడం రాదని ఆయన ఎప్పుడు కనిపెట్టాడో తెలియదు.

నిజానికి మబ్బు సంగతి చెప్పడానికి ఇంట్లో భర్త ఒక్కడే లేడు. మామగారు రిటైరయ్యాక కిటికీ పక్కన పడక్కుర్చీ వేయించుకుని, పొద్దున్నుంచీ రేడియో చెవికి ఆనించుకుని, తీరం పొడుగునా ఎక్కడ గాలి వీస్తుందో ఇంటిల్లిపాదికీ వినిపించేలా చెబుతుంటారు. అత్తగారికి రేడియో అక్కర్లేదు. మోకాళ్ళున్నాయి. "కుడి మోకాలు సలుపుతోంది, సాయంత్రానికి వాన" అంటే వాన వచ్చి తీరాల్సిందే. ఆరో తరగతి చదివే కూతురు ఈ ముగ్గుర్నీ చూసి నేర్చుకుంది. చదువుకునే బల్ల దగ్గర్నుంచి లేవకుండా "అమ్మా, చినుకులు!" అని కేకేస్తుంది. ఇంతమంది చెప్పేవాళ్ళుండగా తీసేవాళ్ళు మాత్రం ఒక్కరే. ఒకసారి ఎవరైనా సాయం చేయొచ్చు కదా అని అంటే భర్త నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆఫీసులో అంత పనిలో కూడా గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తున్నానే, అది సాయం కాదా?"

ఆ సోమవారం రాత్రి భోజనాల దగ్గర ఆమె మాట తీసింది. "ఈ ఆదివారం లైట్‌హౌస్ తెరుస్తారట. మా షాపులో కంటిపరీక్ష చేసే అమ్మాయి వెళ్తోంది. నేనూ వెళ్తాను."

లైట్‌హౌస్ వాళ్ళింటికి పెద్ద దూరమేమీ కాదు. చీకటి పడితే దాని వెలుగు వంటగది కిటికీలోంచి వచ్చి, గిన్నెల మీదుగా తిరిగి వెళ్తుంటుంది. ఏడాదికొక్క ఆదివారం, ఈ కాలంలోనే, జనాన్ని పైకి ఎక్కనిస్తారు. కాపురానికి వచ్చిన ఏడే ఆమె ఎక్కుదామనుకుంది. అప్పుడు కడుపుతో ఉంది. తర్వాత పిల్ల పాలు, ఆ తర్వాత అత్తగారి మోకాలికి ఆపరేషన్, ఒక ఏడాది చుట్టాలు, ఒక ఏడాది ఏమీ లేదు, ఊరికే మర్చిపోయింది. ఆ మర్చిపోయిన ఏడాదే ఆమెకి ఎక్కువ బాధ. ఒకప్పుడు వాన వస్తోందంటే వీధి చివరిదాకా ఎదురెళ్ళే పిల్ల తను. ఇప్పుడు వానంటే బట్టలు. మబ్బు ఏ రంగులో ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేదు, తలెత్తితే ముందు తాడే కనిపిస్తుంది. ఒక్కసారి, బట్టల తాడు అడ్డం లేని చోట నిలబడి, వాన సముద్రం మీదుగా నడిచి రావడం చూడాలని ఉంది. కోరిక అంటే అంతే. బంగారం కాదు, మేడ కాదు.

"భేషుగ్గా వెళ్ళు. నేనెప్పుడన్నా వద్దన్నానా?" అన్నాడు భర్త. "వాతావరణం ఒక్కటి బాగుండాలి."

మర్నాడు ఎండ పళ్ళికిలించుకుని కాసింది. భర్త కాఫీ తాగుతూ మురిసిపోయాడు. "ఆదివారం కూడా ఇలాగే ఉంటే చలికాలం దుప్పట్లన్నీ ఉతికి ఆరేసేయొచ్చు." "కర్టెన్లు కూడా" అన్నారు అత్తగారు లోపల్నుంచి. సాయంత్రానికి గాలి లేచింది. తలుపులు వాటంతట అవే కొట్టుకున్నాయి. "ఇలాంటి గాలిలో బుద్ధున్నవాళ్ళెవరైనా లైట్‌హౌస్ ఎక్కుతారా?" అన్నారు మామగారు రేడియో గొంతుతో. ఆ మర్నాడు పొద్దున పొగమంచు దిగి ఎదురింటి గోడ కూడా కనిపించలేదు. "ఇలా ఉంటే పైకెక్కి చూసేదేముంది, పాలగిన్నెలో తల పెట్టినట్టుంటుంది" అన్నాడు భర్త, తన మాటకి తనే నవ్వుకుంటూ. ఆమె కూడా నవ్వింది. మాట బాగానే ఉంది మరి.

ఆ మధ్యాహ్నం యజమాని బ్యాంకు పనుందని వెళ్ళాడు. కంటిపరీక్ష అమ్మాయి సెలవు. మగవాళ్ళిద్దరూ భోజనానికి వెళ్ళారు. షాపులో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మోగింది ఫోన్. "మబ్బు పట్టింది. బట్టలు!" అది పెట్టేసేలోగా ఇంకోటి. ఈసారి మామగారు. బట్టల తాడుకి సరిగ్గా కింద, పడక్కుర్చీలోంచి.

"మావయ్యగారూ, షాపు వదిలి రాలేను. కాస్త మీరు చూస్తారా?"

"ఓ, దానికేం భాగ్యమమ్మా, చూస్తాను."

చూశారు. ఆ మాట మీద ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కిటికీ దగ్గర్నుంచి కదలకుండా మొదటి చినుకు నుంచి ఆఖరి చినుకు దాకా చూశారు. సాయంత్రం ఆమె రాగానే ఎంతో ఉత్సాహంగా చెప్పారు. "ఏం వానమ్మా! చినుకు ఒక్కొక్కటీ ఇంత!" అని బొటనవేలు చూపించారు. తాడు మీద భర్త తెల్లచొక్కా చేతులు రెండూ వేలాడేసి నీళ్ళు కారుస్తోంది. మర్నాడు పెద్దాఫీసరు ముందు కూర్చోవాల్సిన చొక్కా అది.

"నేను చెప్పాను" అన్నాడు భర్త.

"నేనూ చెప్పాను" అన్నారు మామగారు.

"నా మోకాలు పొద్దున్నే చెప్పింది" అన్నారు అత్తగారు.

"అమ్మా, నేను కూడా నానమ్మ ఫోన్లోంచి చెప్దామనుకున్నా, నీది ఎంగేజ్ వచ్చింది" అంది కూతురు.

అందరూ చెప్పారు. ఇంకా ఏం చేస్తారు పాపం. ఆమె చొక్కా మళ్ళీ ఉతికి, పిండి, ఇస్త్రీపెట్టెతో అంగుళం అంగుళం ఆరబెట్టింది. కాలర్ దగ్గర ఆవిరి బుస్సుమంటుంటే ముందు ఏడుపు వచ్చింది. ఫ్యానులా నా రెక్కలు నాకే కనిపించనంత తిరుగుతున్నాను, ఒక్క చొక్కా తడిస్తే నలుగురు సాక్షులు. ఆ మాట మనసులో అనుకోగానే బొటనవేలు చూపిస్తున్న మామగారు కళ్ళముందు కదిలారు. అంతే, ఏడుపు దారి తప్పి నవ్వయిపోయింది. ఆపుకుందామంటే ఆగదు.

"ఏంటే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావ్?" అత్తగారు గోడ పట్టుకుని వచ్చారు.

"ఏం లేదత్తయ్యా. మనింట్లో వాతావరణ శాఖలు నాలుగున్నాయి, ఉద్యోగిని నేనొక్కదాన్నే."

తిడతారేమో అనుకుంది. అత్తగారు ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద మెల్లిగా కూర్చున్నారు. "నేను కాపురానికి వచ్చినప్పుడు ఏడుండేవే" అన్నారు. "మా అత్త, మామ, మీ మామయ్య, నలుగురు మరుదులు. ఆ మూడోవాడికి గొంతు మరీ పెద్దది."

"మరి లైట్‌హౌస్ ఎప్పుడైనా ఎక్కారా?"

"ఎక్కడెక్కాను? మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ బట్టలు నావి. బట్టలు నీకొచ్చేసరికి నొప్పులు నాకొచ్చాయి." ఇంతకాలం ఒకే కప్పు కింద ఉండి ఇద్దరూ ఒకేదాన్ని చూసి నవ్వడం అదే మొదలు.

శనివారం భర్త మంచి హుషారుగా ఉన్నప్పుడు, చొక్కా బాగుందని ఆఫీసులో ఎవరో అన్నారట, ఆమె నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, రేపు ఎలాంటి వాతావరణం ఉంటే నేను వెళ్ళొచ్చు?"

చెడ్డవాడు కాదు. నిజాయితీగానే ఆలోచించాడు. "మరీ ఎండ ఉండకూడదు, అలాంటి రోజు ఉతుకులు పెట్టుకోకపోతే పాపం. వాన ఉండకూడదు. గాలి ఉండకూడదు. కాస్త మబ్బుగా, చల్లగా ఉంటే హాయిగా వెళ్ళొచ్చు."

"మబ్బుగా ఉంటే బట్టలో?"

"అబ్బే, అలాంటి రోజు అస్సలు నమ్మడానికి లేదు. ఇంట్లో ఉండి కనిపెట్టుకోవాలి" అన్నాడు. అని, నోరు అలాగే తెరిచి ఉంచాడు. తన మాట తనకే వినిపించినట్టుంది. తను వెళ్ళడానికి తగిన వాతావరణం ఏ ఆకాశంలోనూ తయారు కాదని ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక గొప్ప తేలికగా అనిపించింది. ఇక ఆకాశం వైపు చూసే పనిలేదు. ఎలా ఉన్నా వెళ్ళడమే.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే బట్టలు ఉతికి ఆరేసింది. ఖాళీ బుట్ట తెచ్చి మామగారి పడక్కుర్చీకీ భర్త పేపరుకీ మధ్యలో పెట్టింది. "బట్టలు పైనున్నాయి. బుట్ట ఇక్కడుంది. మబ్బు మీకెలాగూ కనిపిస్తుంది" అని, కూతుర్ని వెంటేసుకుని బయల్దేరింది.

"ఎప్పుడొస్తావ్?" భర్త పేపరు దించాడు.

"దిగాక."

లైట్‌హౌస్ మెట్లు చుట్టలు చుట్టుకుంటూ పైకి పోయాయి. కంటిపరీక్ష అమ్మాయి ముందు, కూతురు వెనక, ఆయాసం, నవ్వులు. పైన ఇనుప కటకటాల దగ్గరికి వచ్చేసరికి గాలి మొహాన కొట్టింది. ఎంత సముద్రం! ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట సీసం రంగు, ఎండ పడ్డచోట తళతళ. ఊరివైపు తిరిగి వెతికితే వాళ్ళ మేడ దొరికింది. తాడు మీద బట్టలు అరచేతిలో పట్టేంత ఉన్నాయి. ఇన్నేళ్ళూ నన్ను పరిగెత్తించింది ఇంతేనా అనుకుంది.

అప్పుడే సముద్రం అంచున నల్లగా లేచింది.

"అమ్మా, మబ్బు! బట్టలు!" అని అరిచింది కూతురు.

పిల్లది నోరు తెరిస్తే ఆమెకి ఆ ఇల్లంతా వినిపించింది. గడ్డం కింద వేలుపెట్టి దాని మొహం సముద్రం వైపు తిప్పింది. "బట్టలు అక్కడున్నాయి. మబ్బు ఇక్కడుంది. నువ్వు మబ్బుని చూడు." నల్లదనుకున్న మబ్బు నల్లగా లేదు. కింద ఊదాగా, అంచులో ఇత్తడి రంగుగా ఉంది. దాని కిందనుంచి వాన తెరలాగా వేలాడుతూ నీళ్ళమీద నడిచి వస్తోంది.

ఫోన్ మోగింది. "మబ్బు పట్టింది. బట్టలు!"

"అవునండీ, చూస్తున్నాను. చాలా అందంగా ఉంది" అంది ఆమె. "ముందు మీరు కూడా ఒకసారి తలెత్తి చూడండి. చూశాక, బట్టలు తీయండి."

కాసేపటికి వాళ్ళ మేడ మీదికి ఒక మనిషి వచ్చాడు. నిజంగానే తలెత్తి చూశాడో, వాన ఎంత దూరంలో ఉందో లెక్కేశాడో, ఇక్కణ్ణుంచి తెలియదు. బట్టల్ని క్లిప్పులతో సహా పీకుతున్నాడు. వెనకే బుట్ట పట్టుకుని మామగారు. వాళ్ళిద్దరూ ఒకే దుప్పటి చెరోవైపు లాగుతుంటే కూతురు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత, ఎన్నో ఏళ్ళుగా మేడమెట్లెక్కని మనిషి, గోడ పట్టుకుంటూ పైకి వచ్చింది. బట్టల జోలికి పోలేదు. తాడు మీంచి ఒక తువ్వాలు తీసుకుని, లైట్‌హౌస్ వైపు తిరిగి ఊపింది.

"నానమ్మ!" అని కూతురు రెండు చేతులూ ఊపింది. ఆమె కూడా ఊపింది, కళ్ళు తుడుచుకోకుండానే.

మొదటి చినుకు కటకటాల మీద టంగుమంది. "లోపలికి రండి, తడిసిపోతారు!" కంటిపరీక్ష అమ్మాయి, పిల్లదాన్ని పట్టుకుని, తలుపులోంచి పిలిచింది. ఆమె "వస్తున్నా" అంది గానీ కదల్లేదు. బయట ఉన్నది ఇప్పుడు తానొక్కతే. బట్టల్లా తనని తాను లోపలికి తెచ్చేయాలన్న తొందరేమీ ఆమెకి కనిపించలేదు.