తగరపు గొట్టం

ఆదివారం ఉదయం ఆరున్నరకే దొరసామి చర్చిలోని గొట్టాల ఆర్గన్ వెనక చెక్క తలుపు తెరిచి, లోపల బల్బు వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. కౌలాలంపూర్ చెమ్మకు ఆర్గన్ లోపలి తోలు ఉబ్బి, వేళ్లతో నొక్కే మెట్లు బిగుసుకుపోతాయి. అందుకే దాని కడుపులో ఒక బల్బు రాత్రింబవళ్లు వెలగాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను దాన్ని ఆరనివ్వలేదు.

చర్చి గేటు దగ్గర నుదుటి నామం తుడుచుకోవడం కూడా అంత పాత అలవాటే. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో, మిషన్ బడి సిస్టరు వేళ్లు పట్టి నేర్పిన ఆర్గన్ విద్య అతన్ని ఇక్కడిదాకా తెచ్చింది. హోదా మాత్రం సహాయకుడి దగ్గరే ఆగింది. శవాలకీ, తెల్లవారుజాము ప్రార్థనలకీ వాయించేది అతను. క్రిస్మస్‌కీ, బిషప్ వచ్చినప్పుడూ హార్డింగ్. రెండేళ్లకని ఇంగ్లాండు నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లు ప్రధాన ఆర్గనిస్టుగా ఉండిపోయిన హార్డింగ్‌కి ఇవాళ వీడ్కోలు.

"ఆ కుర్సీ ఇంక నీదే లా," అంది పొద్దున భార్య రత్నావతి, మాట చివర మలేసియా వాళ్ల 'లా' తగిలించి, నీలం బాతిక్ చొక్కా ఇస్త్రీ చేస్తూ. "ఇయ్యేల నీ పేరు సెప్తారు కదా?"

"సెప్పకపోతే?"

"సొక్కా ఏటి సిరిగిపోద్దా? ఏసుకో."

ఆ పేరు వినడానికే ఆమె చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చి చివరి వరసలో కూర్చుంది.

హార్డింగ్ ఆఖరి పాట మధ్యలో ఒక స్వరం బిగుసుకుపోయి, వేలు తీసినా ఆగకుండా ఊళ పెట్టింది.

"సామీ!" అన్నాడు హార్డింగ్, తల తిప్పకుండా.

చొక్కా నలుగుతున్నా దొరసామి ఆర్గన్ లోపలికి దూరాడు. కూస్తున్న జానెడు తగరపు గొట్టాన్ని వెతికి పెరికాడు. ఊళ ఆగింది. పాట ముగిసింది. చప్పట్లు మోగాయి.

బల్బు వెలుగులో, గొట్టం చేతబట్టుకుని అక్కడి నుంచే చర్చి కమిటీ పెద్ద ప్రకటన విన్నాడు: కొత్త ఆర్గనిస్టు వచ్చే నెల ఇంగ్లాండు నుంచి వస్తాడు. అప్పటిదాకా సామి చూసుకుంటాడు. మళ్లీ చప్పట్లు.

బయటికి రాగానే కమిటీ పెద్ద అతని చెవిలో ఏదో చెప్పి, భుజం తట్టి వెళ్లిపోయాడు. జనం పల్చబడ్డాక రత్నావతి వచ్చింది.

"ఏటన్నాడు?"

"మనం ఆల మతం కాదంట."

అతను చేతిలోని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నాలుగొందల శవాల్ని సాగనంపినాను. ఒక్కటీ మతం అడగలేదు లా."

"సొక్కాకి దుమ్ము అంటింది," అందామె, భుజం దులుపుతూ. "రా, పోదాం."

అతను వెనక్కి వెళ్లి చెక్క తలుపు తెరిచాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి బల్బు ఆర్పాడు. తలుపు తాళంచెవి కమిటీ గదిలో కొక్కేనికి తగిలించి, భార్య వెనక చర్చి మెట్లు దిగాడు.

సాయంత్రంలోగా శుభ్రం చేసి తిరిగి పెట్టాల్సిన గొట్టం, ఆర్గన్ ముందర ఆర్గనిస్టు కూర్చునే ఖాళీ బల్ల మీద అడ్డంగా పడి ఉంది. దాని నోటి చుట్టూ అతని వేళ్ల చెమట ఇంకా ఆరలేదు.