మైదా గోడలు, పంచదార సున్నం

నేను ఒక ఇంటిని. పొడవు అడుగు, ఎత్తు ముప్పాతిక అడుగు. నా గోడలు బెల్లప్పాకంతో కలిపిన మైదావి. ఒంటినిండా శొంఠి, దాల్చినచెక్క, లవంగాల పొడి. గుడ్డు తెల్లసొనలో పంచదార పొడి వేసి గిలక్కొట్టిందే నాకు సున్నం. నన్ను జింజర్‌బ్రెడ్ హౌస్ అంటారు; విదేశాల్లో క్రిస్మస్‌కి కట్టుకుని తింటారు. ఇంత పేరు మోస్తూ, పుట్టిన గంటలోనే రెండుసార్లు కూలిపోయాను. ఆ సంగతి దాచిపెట్టి గొప్పలు చెప్పుకుందును గాని, చూసినవాళ్ళు ముగ్గురున్నారు.

రాజమండ్రిలో ఓ అద్దె వాటాలో, మూడో అంతస్తులో, నన్ను కట్టింది కెజియా. ఆ పిల్ల కేకుల దుకాణంలో పని చేస్తుంది. క్రిస్మస్ ముందు ఆదివారం, చర్చి నుంచి రాగానే అట్టముక్కల మీద కొలతలు గీసి, వాటి ప్రకారం పిండి కోసి, చిన్న ఓవెన్‌లో కాల్చింది. లోపల నేను సంతోషంతో పొంగిపోయాను. పొంగడం కేకుకి అందం గాని గోడకి కాదు. నా ఎడమ గోడ కుడి గోడ కంటే వేలెడు పెద్దదయింది.

మొదటిసారి కూలినప్పుడు కెజియా తండ్రి ఏసుపాదాన్ని పిలిచింది. ఆయన బస్సు కండక్టరు. ముప్పయ్యేళ్ళు నిలబడి ఉద్యోగం చేసినవాడు, నిలబడడం చేతకాని నన్ను రెండు చేతులా పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాడు.

"ముక్కు దురదేత్తందే," అన్నాడు.

"గోక్కోకు నాన్నా, పడిపోద్ది."

ఆయన గోక్కున్నాడు. నేను పడిపోయాను.

మూడోసారికి ఎలాగో నిలబడ్డాను. కెజియా మురిసిపోయి, నా నెత్తిన పొగగొట్టం పెట్టబోయింది.

"అదెందుకే? మనింటికి ఎప్పుడుందది?" అని ఏసుపాదం నాలిక కరుచుకున్నాడు.

వాళ్ళకి హైవే పక్కన ఓ పెంకుటిల్లు ఉండేది. పోయిన వేసవిలో, రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. ఆనాటి నుంచి కెజియా తల్లి దయామణి ఆ ఇంటి ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి పక్కగదిలోకి పోయేది. అప్పుడామె మూల కూర్చుని కజ్జికాయలు మడుస్తోంది. తండ్రీ కూతుళ్ళు భయంగా అటు చూశారు. ఆమె లేచింది. పిండి చేతులతో నా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"కిటికీ అక్కడ కాదు," అంది.

అప్పటికే నాకు కిటికీ కోసేశారు. దాన్ని పూడ్చి, ఇంకోటి తొలిచారు. ఆ మచ్చ నా మొహాన అలాగే ఉండిపోయింది. ఇంటి ముందు అరుగేదని అడిగింది దయామణి. మిగిలిన పిండితో తనే అరుగు చేసి కాల్పించింది. మెట్లు రెండన్నాడు ఏసుపాదం.

"మూడండి. నీళ్ళ బిందెతో రోజూ ఎక్కినదాన్ని నేను. మీరు బస్సులో ఉండేవోరు."

మూడే పెట్టారు. నా కప్పు మీద పంచదార సున్నం మెత్తి, సోడామూతతో అద్దుకుంటూ వరసగా పెంకులు తీర్చిందామె. గోడ వారన రంగు సోంపు గింజలతో బంతిమొక్కలు పెట్టింది. అంతా అయ్యాక నేను అటు విదేశీ బొమ్మరిల్లూ కాదు, ఇటు గోదావరి పెంకుటిల్లూ కాదు. ఎవరికీ చుట్టం కాని వంకర ముద్దని. అయినా ఆ ముగ్గురూ నా ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు.

పండగ రోజు మధ్యాహ్నం కెజియా అప్పడాల కర్ర పట్టుకొచ్చింది.

"దీన్ని పగలగొట్టి అందరూ పంచుకు తినాలమ్మా. పద్ధతి అదే."

"ఇంకోసారి పడగొడతారా?" అంది దయామణి. గొంతు పెద్దది చెయ్యలేదు. నన్ను పళ్ళెంతో సహా ఎత్తి అలమర మీద పెట్టింది. చీమలు పట్టకుండా నీళ్ళ బేసిన్‌లో గిన్నె బోర్లించి, దాని మీద పళ్ళెం ఉంచింది. కెజియా కర్ర దాచేసింది.

నా గర్వం చూడాలి అప్పుడు. చుట్టూ కందకం, నడుమ కోట. శాశ్వతంగా ఉండిపోతానని నమ్మాను. చీమలు రాలేదు నిజమే గాని, నీళ్ళ చెమ్మ నా గోడల్లోకి ఎక్కింది. శత్రువు అక్కర్లేకుండానే మూడో రోజుకి మెత్తబడ్డాను. నాలుగో రోజు సాయంత్రం, ముగ్గురూ టీ తాగుతుండగా, నా కప్పు అరుగు మీదికి జారిపడింది.

దయామణి నన్ను కిందికి దించి నేల మీద పెట్టుకుంది.

"మనిల్లు తీసేసిన రోజు నేను మా అక్క దగ్గరకి పోయి కూర్చున్నాను," అంది. "చూళ్ళేనని. చూసుంటే బాగుండేదేమో. ఇప్పటికీ కల్లో అది సగం పడీ, సగం పడకా కనబడతాది."

ఏసుపాదం గ్లాసు కింద పెట్టాడు. "నేను చూశానే. చెప్పమంటావా?"

"వద్దండి. దీన్ని నేనే తీస్తాను."

ఒక గోడ విరిచింది. "ఇది పడమటి గది. నువ్వు పుట్టింది ఇక్కడే," అని కెజియా చేతిలో పెట్టింది. ఇంకోటి విరిచి భర్తకిచ్చింది. "ఇది వసారా. మీ అమ్మగారు పోయే ముందు మంచం వేసింది ఇక్కడ." కెజియా ఏడుస్తూనే నమిలింది. చెమ్మకి మెత్తబడిన గోడల్ని ఏడుస్తూ నమలడం తేలికే. నావల్ల జరిగిన ఉపకారం అదొక్కటే.

సగం అయ్యేసరికి దయామణి గొంతు తేటపడింది. ఏడు నెలలు బిగబట్టుకున్న ఇల్లంతా మాటల్లో బయటికొచ్చింది. ఓ వానాకాలం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారట. అందరూ కళ్ళు మూసుకున్నారు. పెంకులు జారి, పైనుంచి పిల్లి ఒకటి సూటిగా పాస్టరుగారి ఒళ్ళో పడిందట.

"అయ్యగారు కళ్ళు తెరవలేదే. పిల్లి తలమీద చెయ్యేసి..."

"చెయ్యేసి?" అంది కెజియా, నవ్వు ఆపుకోలేక.

దయామణి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఏమన్నారో చెప్పబోతోంది. అప్పటికి పళ్ళెంలో నేను మిగిలింది ఒకే ఒక్క ముక్క. చెవులు రిక్కించి వింటున్నాను. సరిగ్గా అప్పుడే ఏసుపాదం నన్ను తీసి టీలో ముంచాడు.