పెద్దరాత్రి కుంపటి

నేను ఒక కుంపటిని. పుట్టుకతో కాదు లెండి, పుట్టడం బకెట్టుగానే పుట్టాను. నర్సీపట్నం సంతలో తళతళలాడుతూ వేలాడిన రోజులు నాకూ ఉన్నాయి. నీళ్లు మోసి మోసి అడుగు చిల్లి పడ్డాక, ఇక పాతసామాన్ల బండే గతి అనుకున్నాను. అప్పుడు అప్పాయమ్మ నన్ను కమ్మరి దగ్గరికి పట్టుకెళ్లింది. అతను కింద గాలాడడానికి కంత కోసి, నడుమ ఇనుప ఊచలు అడ్డంగా దిగ్గొట్టాడు. లోపల ఊక కలిపిన బంకమన్ను ఆవిడే తన చేత్తో మెత్తింది. జీవితమంతా నీళ్లు మోసినదాన్ని ఇక నిప్పు మోయమంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

పిడి దగ్గర మాత్రం ఆవిడ పట్టిన పట్టు విడవలేదు. విరిగిన పిడి తీసి కొత్తది, గట్టిది వెయ్యమంది. "కుంపటికి పిడెందుకమ్మా, మూల కూకోబెట్టీదే కదా" అని కమ్మరి నవ్వాడు.

"ఎత్తి బయట పడీడానికి" అంది అప్పాయమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు. కమ్మరికి ఏమీ బోధపడక, చెప్పినట్టు చేసి ఇచ్చాడు.

మాది చింతపల్లి దారిలో కొండ మీద ఊరు. మార్గశిరం వచ్చిందంటే తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది, పలకరించుకోవడానికి నోరు తెరిస్తే పొగ వస్తుంది. ఆ నెలల్లో నన్ను నెత్తిన పెట్టుకోని వాళ్లు లేరు. ఎండాకాలం వస్తే అటక మీద పడేసి, కోళ్లు నాలో గుడ్లు పెట్టినా పట్టించుకోరు. మనుషుల ప్రేమకి రుతువులున్నాయి, నేనేం ఏడవను.

అప్పాయమ్మకి ఒక పద్ధతి ఉండేది. చలికాలంలో పొద్దు రోజురోజుకీ దక్షిణంగా జరుగుతూ, ఒకనాడు పడమటి కొండ మీది బోడిబండ పక్కన దిగుతుంది. ఇక అంతకన్నా జరగదు, మర్నాటి నుంచి వెనక్కి మళ్లుతుంది. ఆ రాత్రే ఏడాదిలోకెల్లా పెద్దది. పంచాంగం సంక్రాంతికి గానీ ఉత్తరాయణం ఒప్పుకోదు. అప్పాయమ్మ పంచాంగం ఆ బండే. ఆ సందెవేళ ఇంట్లో లైటు వెయ్యదు. నన్ను రాజేసి, ఎదురుగా కూర్చుని, ఏడాదిలో చేసిన తప్పులూ పడ్డ బాధలూ ఒక్కొక్కటే పైకి చెబుతూ, ఒక్కో మాటకి ఒక్కో బొగ్గు వేస్తుంది. నిప్పు ముందు అబద్ధం ఆడకూడదు. అన్నీ చెప్పాక బూడిద కప్పేసి, పొద్దున్నే ఆ బూడిద చిక్కుడు పాదుకి వేసేస్తుంది. ఆ ఏడాది సంగతి అక్కడితో సరి.

ఇంకొక నియమం ఉంది. ఆ రాత్రే కాదు, నేను లోపల ఉన్నంతసేపూ వీధితలుపు బార్లా తెరిచి ఉండాలి. "మూసీసేవంటే పాత ఏడాది ఇంట్లోనే ఉండిపోద్ది" అనేది ఆవిడ. అందరూ నమ్మారు. నేనూ నమ్మేదాన్నేమో, ఆవిడ వేసే చివరి బొగ్గు లేకపోతే.

ఆ చివరి బొగ్గు వేసేటప్పుడు ఇంట్లో వాళ్లందరినీ బయటికి పంపేది. "నానే మూసేను తలుపు. సందుల్లో గోనెసంచి కూడా నానే కుక్కేను" అని గొణిగేది. ముక్కలు ముక్కలుగా ఏళ్ల తరబడి వింటే నాకు మొత్తం తెలిసింది. కొడుకు సన్యాసి పుట్టకముందు ఆవిడకి పైడమ్మ అనే కూతురుండేది. ఇలాంటి చలిలోనే, పొగ పోయి ఎర్రగా రగిలిన మట్టికుంపటి పిల్ల పక్కన పెట్టి, తలుపు మూసి, నీళ్లకని వెళ్లింది. తోవలో మాటలు తగిలి ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి పిల్ల లేవలేదు. ఊరంతా గాలి సోకిందన్నారు, వేపమండలతో విసిరారు. అప్పాయమ్మకి మాత్రం అదే గదిలో గంప కింద కోడి కూడా చచ్చి కనబడింది. దయ్యం పిల్లని పట్టిందంటే సరే, కోడితో దానికేం పని? ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. మట్టికుంపటిని బండకేసి కొట్టింది. ఆ తర్వాత వచ్చినదాన్నే నేను.

చూశారా మనుషుల తీరు! నిజం చెప్పడానికి నోరు రాదు, నియమం పెట్టడానికి మాత్రం వస్తుంది. "నిప్పు మూసిన ఇంట్లో ప్రాణం తీస్తుంది" అని ఒక్క ముక్క చెబితే పోయేది. చెబితే "నీకెలా తెలుసు?" అంటారు. ఆ ప్రశ్నకి భయపడింది, పాపం.

కోడలు నూకాలు రవికలు కుట్టేది. వాగుడుకాయ, మంచి మనసు. అత్తపక్కన కూర్చుని ఆ పెద్దరాత్రిని అత్తకన్నా ఇష్టంగా జరిపేది. వాళ్లిద్దరి తగువులన్నీ నాలోనే కాలి బూడిదయ్యాయి. "కూరలో ఉప్పెక్కువైందని అబద్ధం ఆడేనే, నీ కూర బాగుందని ఊరంతా అంటంటే ఓర్వలేకపోనాను" అని ఒకసారి అప్పాయమ్మే ఒప్పుకుంది. నూకాలు పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ చివరి బొగ్గు ఆ నూకాలు ముందు కూడా వెయ్యలేదు. భాద్రపదం వానల్లో జ్వరం వచ్చి అప్పాయమ్మ పోయింది, ఆ మాట తనతోనే పట్టుకుపోయింది.

వానలు తగ్గాక వాళ్లు కాలనీలో కట్టుకున్న కొత్తింటికి మారారు. పాత పెంకుటిల్లు సందుసందునా ఊపిరి పీల్చేది. ఇది సిమెంటు స్లాబు, ఇనుప తలుపు, అద్దాల కిటికీలు. "సీమ కూడా దూరదు!" అని సన్యాసి గోడ తట్టి చూపించేవాడు. అలా తట్టినప్పుడల్లా నాకు ఆ గోనెసంచి గుర్తొచ్చేది.

పొద్దు బోడిబండ పక్కన దిగిన రోజు రానే వచ్చింది. అత్త లేని మొదటి పెద్దరాత్రి. నూకాలు నన్ను వాకిట్లో రాజేసి, పొగంతా పోయాక లోపల పెట్టి, తలుపు తెరిచే ఉంచింది. సన్యాసి జీపు తోలి వచ్చి, జ్వరంతో దుప్పటి ముసుగెట్టి వణుకుతున్నాడు.

"ఒలే, తలుపెయ్యే. ఎముకలు కొరికేస్తంది."

"అత్త ముయ్యొద్దనీది మావా."

"అమ్మదేటి, పాతకాలం మడిసి. పొగ పోనాది కదా, ఇంకేటి భయం?"

అయ్యో పిచ్చివాడా! పొగ ఉంటేనే నయం, దగ్గొచ్చి లేచి బయటికి పోతారు. పొగ పోయి ఎర్రగా నవ్వుతున్న నిప్పే చప్పుడు చెయ్యకుండా పని కానిచ్చేది. నూకాలు మొగుడి వణుకు చూసింది, తలుపు చూసింది. లేచి గడియ వేసింది.

కూర్చుని బొగ్గు తీసింది. "అత్తా, పోయేముందు సేపల పులుసు తినాలనుందన్నావు. జొరమని పెట్టనేదు. పెట్టీసుంటే ఏటయ్యేది?" అని బావురుమంది. ఇంకో బొగ్గు, ఇంకో మాట. తల బరువెక్కింది, ఏడ్చినందుకే అనుకుంది. సన్యాసి మూలుగు ఆగింది, జ్వరం దిగిందనుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. నాలో నిప్పు నీరసంగా మూలుగుతోంది, దానికీ ఊపిరాడడం లేదు.

"అత్తా, నీ మాట ఒక్కటీ జవదాటనేదు" అంటూ బొగ్గు ఎత్తింది నూకాలు. చెయ్యి గాల్లోనే ఆగింది. నిప్పు ముందు అబద్ధం ఆడకూడదు. మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూసింది. "అబద్ధం" అంది.

లేవబోతే మోకాళ్లు నిలవలేదు. పాక్కుంటూ వెళ్లింది. గడియ మీద చెయ్యి జారింది, మళ్లీ జారింది. ఎలా లాగిందో లాగింది. చలి విరుచుకుపడింది. అంత హాయైన చలిని నేను మళ్లీ ఎరగను. తిరిగొచ్చి నన్ను పిడి పట్టి వాకిట్లోకి విసిరేసింది. నా పక్కన ఈ సొట్ట ఆనాటిదే. మొగుణ్ణి గుమ్మం దాకా ఈడ్చి చెంపలు వాయించింది. "మావా! ఒరే మావా, లెగు!" అతను కక్కుకుని, కళ్లు తెరిచాడు.

ఇప్పటికైనా తెలుసుకుంటారనుకున్నాను. తెలుసుకున్నది ఏమిటయ్యా అంటే, అత్తకి కోపం వచ్చిందని! మాట తప్పినందుకు గొంతు పట్టుకుందని. గాలీ ధూళీ వదిలించే దాసుణ్ణి పిలిచి శాంతి చేయించారు, అప్పాయమ్మ పేర చీర పెట్టారు, కోడిని కోశారు. ఒకనాడు నిజం చెప్పింది కోడే, దాన్నే కోసుకు తిన్నారు.

ఏడాది తిరిగింది. ఇవాళ పొద్దు మళ్లీ బోడిబండ పక్కన దిగింది. నూకాలు నన్ను రాజేసి, పొగ పోయాక లోపల పెట్టింది. తలుపు గాలికి పడకుండా అత్త రుబ్బురోటి పొత్రాన్ని అడ్డం పెట్టింది. మొదటి బొగ్గు చేతిలో ఉంది. చీర ఉయ్యాలలో మూడో నెల పిల్ల. దానికి పైడమ్మ అని నాయనమ్మ కూతురి పేరే పెట్టుకున్నారు. చలికి పిల్ల పెదాలు వణికి, ఏడుపు అందుకుంది.

"పిల్లకి సలేస్తంది కదే. ఆ తలుపెయ్యి" అన్నాడు సన్యాసి.

"అత్తకి కోపమొస్తాది మావా."

"ఇంకా కోపమేటి? కోడిని కోసీసేం కదా."

నూకాలు ఉయ్యాల వంక చూసింది. ఉన్నది అత్త కోపమే అయితే, బిడ్డ కోసం ఆ మాత్రం కోపం ఏ తల్లైనా భరిస్తుంది. అప్పాయమ్మా, ఆ చివరి బొగ్గు ఒక్కసారి కోడలి ముందు వేసి ఉంటే నీ సొమ్మేం పోయేది తల్లీ! నాకు కడుపునిండా నిప్పుంది, నోరే లేదు.

నూకాలు లేచింది. పొత్రం దొర్లిన చప్పుడైంది. తలుపు కిర్రుమంటూ దగ్గరికి వస్తోంది. గడియ ఇంకా పడలేదు.