శూన్యమాసం వారి ఎకో పెట్టె

నేను ఒక ఎకో పెట్టెను. మీరొక మాటంటే దాన్నే కాస్త ఆగి, కాస్త మెత్తగా, మళ్లీ మీకే వినిపించడం నా ఉద్యోగం. నా పొట్టలో ఒక టేపు చుట్టు ఆగకుండా తిరుగుతుంది. గొంతు దాని మీద ఒక చోట ఎక్కుతుంది, ఇంకో చోట వినిపిస్తుంది, మరో చోట చెరిగిపోతుంది. ఇంతే నా విద్య. తన మాట తనకే రెండోసారి వినపడితే మనిషి ఎంత పొంగిపోతాడో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మద్రాసులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. కాకినాడలో ఆర్కెస్ట్రా నడిపే గంధం బుల్లబ్బాయి గారు నన్ను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. పెళ్లిపందిళ్లలో ఆయన ఘంటానాదంలాంటి గొంతుకు నేను తోకనై తిరిగాను. పెళ్లికొడుకు మేనమామ మైకు లాక్కుని ఆశీర్వదిస్తే ఆ ఆశీర్వాదం వద్దన్నా నాలుగు వీధులు దొర్లేది. కొన్నేళ్లకు కీబోర్డుల్లోనే ఎకో వచ్చేసింది. తర్వాత ఆర్కెస్ట్రాయే పోయింది. బుల్లబ్బాయి గారు ఒక కల్యాణ మండపానికి మేనేజరై, నన్ను అక్కడి సామాన్ల గదిలో గుండిగల పక్కన పెట్టారు. పాత సామాన్లవాడికి మాత్రం ఇవ్వలేదు.

ఒక ఆషాఢంలో ముగ్గురు ఆ మండపం తలుపు తట్టారు. గిటారు వాయించే ఫణీంద్ర ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాడు. లోవరాజు డ్రమ్స్ మీద తుండుగుడ్డ పరిచి, పసిపిల్లను జోకొట్టినట్టు వాయిస్తాడు. ఎస్తేరు బస్ కాంప్లెక్సులో బస్సుల రాకపోకలు చెప్పే అమ్మాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో మండపం ఖాళీయే కదా, సాధన చేసుకుంటామని అడిగారు. ఏం పాటలని బుల్లబ్బాయి గారు ఆరా తీశారు.

"డ్రీమ్ పాప్ అంటారండి," అన్నాడు ఫణీంద్ర.

"అంటే నిద్రొచ్చే పాటలా బాబూ?"

"కాదండి. నిద్దట్లో వినపడే పాటలు."

ఆయనకు ఆ జవాబు నచ్చింది. తాళంచెవితో పాటు నన్ను కూడా దుమ్ము దులిపి తెచ్చి ఇచ్చారు. అప్పటి నుంచి ఆషాఢం, పుష్యం, మూఢాలు ఎప్పుడొస్తాయా అని పంచాంగం తిరగేసేవాళ్లు ఊళ్లో ఈ ముగ్గురే. తమ బ్యాండుకు శూన్యమాసం అని పేరు పెట్టుకున్నారు.

మొదటి ఆల్బం మొత్తం నేనే. గొప్పలు పోతున్నానని అనుకోకండి, అందరూ అదే అన్నారు. గిటారు మంచులా కమ్ముకునేది. ఎస్తేరు గొంతు ఆ మంచు వెనక ఎక్కడో ఉండేది. పొద్దుటి నుంచి రాజమండ్రి బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీద ఉందో ఊరందరికీ స్పష్టంగా చెప్పే పిల్ల, పాట దగ్గరికొచ్చేసరికి నా వెనక దాక్కునేది. సొంతంగా రాసుకున్న మాటలు జనం వింటే ఏమనుకుంటారోనని ఆమె బెంగ. నాకేం, దాక్కోవడానికి చోటిచ్చాను.

రెండో ఆల్బం నాటికి నా టేపు అరిగిపోయింది. కొత్తది ఎక్కడా దొరక్క ఫణీంద్ర బుల్లబ్బాయి గారి పాత రికార్డింగు టేపు నుంచి ముక్క కోసి అతికించాడు. అందులో ఆయన ఆర్కెస్ట్రా పాట రికార్డయి ఉందని తెలిసి కూడా, దానంతటదే చెరిగిపోతుందిలే అనుకున్నాడు. నా చెరిపే భాగం ఎప్పుడో నీరసించింది. ఎస్తేరు గొంతు వెనక ఎక్కడిదో ఒక క్లారినెట్టు సన్నగా లేచింది. ముగ్గురూ బిక్కమొహాలేశారు. తలుపు దగ్గర కుర్చీలో ఉన్న బుల్లబ్బాయి గారు మాత్రం లేచి నిలబడ్డారు.

"మా సూరిబాబు క్లారినెట్టండీ బాబూ. పోయి ఇన్నేళ్లయింది."

దాన్ని చెరపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆల్బం అంతా సూరిబాబు అలా వచ్చిపోతూనే ఉన్నాడు. అది ఏ ఖరీదైన కీబోర్డని ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్టులో అడిగారు. తప్పును పాటగా మలుచుకునే ఈ పిల్లలను చూస్తే నాకు ముచ్చటేసింది.

మూడో ఆల్బం మొదలుపెట్టిన ఆషాఢంలో బుల్లబ్బాయి గారు ఎస్తేరును పిలిచారు.

"ఏం పాడేవమ్మా ఇందాక? మాటలు అందట్లేదు నాకు."

"ఎకో ఎక్కువైందేమోనండి."

"ఎకో సంగతి నాకు తెలవదా తల్లీ. చెవులు పోతున్నాయంట. ముందు మాటలు పోతాయి, తర్వాత అంతా పోద్ది అన్నాడు డాక్టరు."

ఆ పాట ఎస్తేరు ఆయన మీదే రాసిందని ఆయనకు తెలియదు. ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చి నా స్విచ్చి కట్టేసింది. నాకు ఒళ్లు మండింది, దాచుకోను.

"అది తీసేస్తే మన సౌండే పోద్ది. ఇంకేం మిగులుద్ది?" అన్నాడు ఫణీంద్ర.

"ఏం మిగులుద్దో చూద్దాం. ఆయన వినాలి, వినపడేటప్పుడే," అంది ఎస్తేరు.

కుర్చీని ఆయన ముందుకు జరుపుకుని కూర్చుంది. లోవరాజు డ్రమ్ము మీద గుడ్డ తీయలేదు. ఫణీంద్ర ఒక్కో తీగే మీటాడు. నేను లేని పాట ఎలా ఉంటుందో చూద్దామని నేనూ చెవి ఒగ్గాను.

దీపాలార్పిన పందిట్లో, ఎవరి పాట ఇంకా ఉంది...

ఎంత మంచి గొంతు అది. అన్నేళ్లు దాన్ని నేను అలంకరిస్తున్నాననే అనుకున్నాను. ఎక్కడా తొణకలేదు, ఎవరి చాటుకూ పోలేదు. బుల్లబ్బాయి గారు ఆమె పెదవులే చూస్తున్నారు. ఒక్కో మాటా అందుతున్నకొద్దీ ఆయన మొహం విచ్చుకుంటోంది. చరణం చివర ఆమె ఆగింది. ఆయన తనకు తెలియకుండానే, కాస్త ఆగి, కాస్త మెత్తగా, "ఇంకా ఉంది" అని అందుకున్నారు.

రికార్డింగు నడుస్తూనే ఉంది.

"మళ్లీ తీద్దామా?" అన్నాడు లోవరాజు.

"తీస్తే ఊరుకోను," అన్నాడు ఫణీంద్ర. ఆ మాటన్నవాడి కళ్లు నీళ్లతో నిండాయి.

ఇప్పుడు నేను మళ్లీ గుండిగల పక్కకు చేరాను. బుల్లబ్బాయి గారికి ఇప్పుడేమీ వినపడదు. అయినా ముగ్గురూ పాడుతుంటే అదే కుర్చీలో కూర్చుని లోవరాజు చేతులు చూస్తూ తాళం వేస్తారట, అదీ ఎక్కడా తప్పు పోకుండా. ఆ పాట చివర్లో ఆ ఎకో ఏ యంత్రంతో చేశారని జనం అడుగుతూనే ఉన్నారు. ఎస్తేరు వాళ్లకు నా పేరు చెప్పలేదు, ఆయన పేరు చెప్పింది. ఆ పిల్ల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.