బుట్టలో మిగిలిన కండెలు

పప్పులో ఉప్పు ఎక్కువైందని త్రివేణి అంటే చాలు, మొగుడు ఓబిలేష్ అన్నం తట్టలోంచి తలెత్తి "మాత్ర ఏసుకుంటివా?" అంటాడు. కుళాయికి ఈ రోజు కూడా నీళ్ళు రాలేదని విసుక్కుంటే, అత్త ఆంజినమ్మ వంటింటి గడపలోంచి "మాత్ర ఏసుకుంటివా మే?" అంటుంది. పోయిన నెల పెళ్ళిలో ఎవరో చెప్పిన జోకుకు గట్టిగా నవ్వితే ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. కోపమొస్తే మాత్ర, నవ్వొస్తే మాత్ర, నోరు మూసుకుని కూర్చుంటే అదింకా పెద్ద అనుమానం. ధర్మవరంలో ఆడవాళ్ళందరికీ కోపాలొస్తాయి. త్రివేణికి మాత్రం లక్షణాలొస్తాయి.

నిజానికి ఆమె మాత్ర మానిన రోజు ఒక్కటీ లేదు. రెండేళ్ళ కిందట, పాప మోక్షిత పుట్టిన ఇరవయ్యో రోజు నుంచి ఆమెకు నిద్ర కరువైంది. ఆ తర్వాత మగ్గం మాట్లాడింది. అవును, మగ్గమే. దెబ్బ పడిన ప్రతిసారీ, ఈ పాప నీది కాదు, ఈ పాప నీది కాదు అని. ఒక మిట్టమధ్యాహ్నం పాపను చంకనేసుకుని రైల్వే గేటు దాకా నడిచింది, అసలు తల్లి అక్కడ ఎదురుచూస్తోందని. గేటు కాసే మనిషి చూసి, కూర్చోబెట్టి, ఇంటికి కబురు చేశాడు. అనంతపురంలో డాక్టరమ్మ ఆ జబ్బుకు పేరు చెప్పింది, మందు చెప్పింది, నయమవుతుందనీ చెప్పింది. నయమైంది కూడా. ఆ సంగతి త్రివేణికి తెలిసినంతగా ఇంట్లోవాళ్ళకు తెలియలేదు, అంతే.

ఆంజినమ్మ చెడ్డ మనిషి అంటే కళ్ళు పోతాయి. త్రివేణికి సొంత మేనత్త. ఆ రోజుల్లో నెలన్నర పాటు అన్నం కలిపి నోట్లో పెట్టింది, తల దువ్వి జడ వేసింది, "మా అన్న బిడ్డవి, నిన్ను యాడ ఇడిసిపెడతానే" అని ఏడ్చింది. అప్పుడే పాపను తన పక్కలో పడుకోబెట్టుకుంది. రెండేళ్ళు గడిచినా ఆ పక్క మారలేదు. పాలు కాచడం త్రివేణి పని, తాపడం అత్త పని. గౌన్లు ఉతకడం త్రివేణి పని, తొడగడం అత్త పని. మాత్రల అట్ట అత్త రొంటిన ఉండే సంచిలో వక్కాకుతో పాటు ఉంటుంది. కన్నబిడ్డతో ఒక్క గంట ఒంటరిగా ఉండాలని త్రివేణి ఎన్నిసార్లు అడిగిందో, మాత్ర వేసుకున్నావా అన్న ప్రశ్నే అన్నిసార్లు విన్నది.

ఇక కండెలు. పొద్దున్నే లేచి, కసువు ఊడ్చి, వంట చేసి, రాట్నం ముందు కూర్చుని పట్టుదారాన్ని వేలెడంత కండెల మీదికి చుడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టుకుని ఓబిలేష్ చీర నేస్తాడు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆమె చుట్టిన దారం ఎంతో ఎవరూ అడగలేదు. ఒకసారి మెడ నొప్పిగా ఉందంటే, "కండెలు చుట్టేది గూడా పనేనా? కూచోనే గదా తిప్పేది" అన్నాడు ఓబిలేష్. మగ్గం గుంతలో ఆయన నిలబడి నేస్తున్నాడు కాబోలు అనుకుంది త్రివేణి. పైకి అనలేదు. అంటే ఏం వస్తుందో తెలుసు.

ఆమెను మనిషిగా పలకరించే చోటు ఫోనులో ఉంది. అదొక గ్రూపు, పేరు తేట; మాటలన్నీ గొంతుతోనే పంపుకుంటారు. ఆమెలాగే ఒకసారి మనసు చెదిరి, మళ్ళీ కుదుటపడుతున్న ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు నలభై మంది అందులో ఉన్నారు. డాక్టరమ్మ దగ్గర పనిచేసే జ్యోతి అనే అమ్మాయి చేర్పించింది. ఆమె కూడా ఒకప్పుడు ఈ దారిన నడిచి వచ్చింది. అక్కడ ఎవరు నోరు విప్పినా ముందు ఆ పూట ఏం తిన్నారో చెప్పాలి. "ఉగ్గాని తింటి. ఈ పొద్దు గొంతులు ఇనపడలే" అంటారొకరు. "సంగటి తింటి. బస్సెక్కి శింగనమల దాకా ఒక్కన్నే పోయొస్తి" అంటారింకొకరు. మందు మానమనీ మార్చమనీ ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఉరవకొండ దగ్గర చెనక్కాయ రైతు కొడుకు ప్రణీత్, ఇరవై రెండేళ్ళవాడు, టీవీలో వార్తలు చదివే ఆమె తననే తిడుతోందని టీవీ పగలగొట్టిన కథ చెప్పి తానే నవ్వితే, త్రివేణి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఎవరూ మాత్ర అడగలేదు.

ఆ బుధవారం పదిన్నరప్పుడు, నాలుగు రోజుల తర్వాత కుళాయి వచ్చింది. కుళాయి సందులో, మగ్గం గది కిటికీ కిందనే ఉంది. బిందె నిండుతుంటే లోపల్నుంచి అత్త గొంతు వినపడింది.

"శుక్రవారం పొద్దున బస్సుకు పాపను తీసుకోని పోతా. బడికి పోయేదాకా హిందూపురంలో మీ అక్క కాడే ఉండనీ."

"త్రివేణికి చెప్పొద్దు. పోయినంక చెబుదాం." అది ఓబిలేష్ గొంతు.

బిందె నిండి పొర్లింది. త్రివేణి తడికాళ్ళతోనే లోపలికి పరిగెత్తింది. ఓబిలేష్ ఒక్కడే గుంతలో కూర్చుని దడదడమని నేస్తున్నాడు.

"పాపను హిందూపురం పంపుతాండారా?"

"ఎవురు చెప్పిరి?"

"నేనే ఇన్నా. నువ్వూ అత్తా మాట్లాడుకుంటాంటే."

"అమ్మ ఈడికి రానే లేదే. నేను ఏడింటి నుంచి మగ్గం నిలపలే, తల గూడా ఎత్తలే." అప్పుడు ఆపాడు మగ్గాన్ని. గొంతు తగ్గించి, ఎంతో జాలిగా అడిగాడు. "మళ్ళా మగ్గం మాట్లాడెనా, త్రివేణీ?"

వంటింట్లోంచి ఆంజినమ్మ వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మాత్ర ఏసుకుంటివా మే?"

ఆయన అరిచి ఉంటే తనూ అరిచేది. ఆ జాలికి భయమేసింది. మిద్దె మెట్ల మీదికి వెళ్ళి కూలబడింది. విన్నాను, నా చెవులతో విన్నాను అనుకుంది. ఆ వెంటనే, అప్పుడు కూడా ఇట్లాగే అన్నాను కదా అనిపించింది. అప్పుడు మగ్గం మాటలు కూడా ఇంతే స్పష్టంగా వినపడ్డాయి, అప్పుడూ ఒట్టేసి చెప్పింది. నిజంగానే మళ్ళీ మొదలైతే? తన దగ్గర ఉండకపోవడమే పాపకు మంచిదైతే? తన చెవులను తానే నమ్మలేని మనిషి, బిడ్డ నాది అని ఏ నోటితో అడగాలి? ఫోను తీసి గ్రూపులో మాట్లాడింది. "రొట్టె తింటి," అని మొదలుపెట్టింది. నియమం నియమమే. "నాకు ఇనపడింది నిజమో, జబ్బు మళ్ళా వస్తాందో తెలీడం లే."

ఐదు నిమిషాల్లో ప్రణీత్ గొంతు వచ్చింది. "అక్కా, నేను ఉడకేసిన చెనక్కాయలు తింటి. నిజమా కాదా అనేది మేం చెప్పలేం, మాకు ఆడ ఏమీ కనపడదు. నాకు ఇట్లయినప్పుడు ఎవురితోనూ వాదించను. చేత్తో పట్టుకోని చూసేది ఏమన్నా ఉండాదా అని ఎతుకుతా. దొరికితే దాన్ని నమ్ముతా. దొరకలేదంటే డాక్టరమ్మకు ఫోన్ చేస్తా. ఏది చేసినా నీ మంచికే గదక్కా."

మాటను చేత్తో పట్టుకోవడం ఎట్లా? ఏమీ దొరక్కపోతే డాక్టరమ్మకు తానే ఫోన్ చేస్తానని గట్టిగా అనుకుని కిందికి దిగింది. పదకొండు కావస్తోంది. ఓబిలేష్ మగ్గం ఆపి అన్నానికి లేచాడు. మగ్గం గది ఖాళీగా ఉంది. గుంత పక్కన ఆమె కండెల బుట్ట ఉంది.

త్రివేణి ఆ బుట్ట వైపే చూస్తూ నిలబడింది. ఆ పొద్దున ఏడు కాకముందే ఇరవై కండెలు చుట్టి అందులో పెట్టింది. నిలపకుండా నాలుగు గంటలు నేస్తే పదిహేనైనా ఖాళీ కావాలి. అది ఏ కాగితం మీదా లేదు, ఆమె మెడకు తెలుసు, వేళ్ళకు తెలుసు. బుట్టలో చెయ్యి పెట్టింది. నిండు కండె తగిలింది. ఇంకోటి, అదీ నిండుదే. ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పేర్చుకుంది. పదహారు కండెలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. తల ఎత్తకుండా నేసిన మనిషి నేసింది గంటసేపే. మగ్గం నిలపలేదన్నది అబద్ధమైతే, తను విన్నది నిజమే.

ఆమెకు ఏడుపొచ్చింది. పాప గురించి కాదు, పాప గురించి తర్వాత. మొదట తన చెవుల గురించి ఏడ్చింది. రెండేళ్ళ కిందటే పోయాడనుకున్న మనిషి ఎవరో ఇంటికి తిరిగొచ్చినట్టు, రెండు చేతులతో చెవులను పట్టుకుని ఏడ్చింది. అది తీరాక కోపం వచ్చింది. లక్షణం కాదు, అసలు సిసలు కోపం. కళ్ళు తుడుచుకుని బుట్ట ఎత్తుకుంది.

ఓబిలేష్ తింటున్నాడు. ఆంజినమ్మ ఒళ్ళో మోక్షిత ఉంది. త్రివేణి బుట్టను ఆయన తట్ట పక్కన పెట్టింది.

"ఏడింటి నుంచి నిలపలేదంటివి గదా బావా. పదహారు కండెలు ఎట్ల మిగిలినాయి?"

ఓబిలేష్ బుట్టలోకి చూశాడు. ఎన్ని మిగలాలో ఆయనకూ తెలుసు.

ఆంజినమ్మే ముందు కరిగింది. "పాప మంచికే అనుకుంటిమి మే," అంది. "నువ్వు మళ్ళా ఆ గేటు కాడికి పోతే నేనేం చేసేది?"

"ఆ భయం నాకూ ఉండాది అత్తా. నీ కంటే ఎక్కువ ఉండాది. భయమైతే నా మొగం చూసి చెప్పండి. ముగ్గురం డాక్టరమ్మ కాడికి పోదాం, ఆయమ్మ ఏం చెప్తే అది ఇంటా. ఇన్నదాన్ని ఇనలేదని నన్నే నమ్మిస్తే, నిజంగా జబ్బొచ్చినప్పుడు నేను ఎవురి మాట నమ్మాల?" వంగి, పాపను ఎత్తుకుంది. మోక్షిత ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది. "మోక్షిత యాడికీ పోదు. ఈ పొద్దు నుంచి నా పక్కలోనే పండుకుంటాది. ఆ మాత్రల అట్ట ఇట్లియ్యి అత్తా. నా మాత్రలు నా కాడ ఉండనీ."

ఆంజినమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత రొంటిన సంచి విప్పి, వక్కాకుల్లోంచి అట్ట తీసి మేనకోడలి చేతిలో పెట్టింది.

ఓబిలేష్ గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పాలనుకున్నాడు, నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఈ పొద్దు మాత్ర ఏసుకుంటివా?"

"ఏసుకుంటి బావా," అంది త్రివేణి. "ఏసుకోబట్టే మీరిద్దరు మాట్లాడింది నాకు అంత బాగా ఇనపడింది."